‘విశేష’ మను మాట: తెలుగు వచనమున బాలికాగర్భము

మొగల్తూరు, నరసాపురము ప్రాంతములలో క్రొత్తగా కాపురమునకు వెళ్ళి పుట్టింటికి వచ్చిన పడుచును ఇరుగుపొరుగు స్త్రీలు తొలుత అడుగు మాట ‘ఏమైన విశేషమా, అమ్మాయీ?’ అనునది. అందులో గర్భమను పదము లేదు, అవసరమును లేదు. అడుగువారికిని వినువారికిని అర్థమగును. ఆ పడుచు వయస్సు 16 అయినను 26 అయినను ప్రశ్న మారదు. అదే వయస్సు పిల్ల పెండ్లికి మునుపు గాని, భర్త పోయిన తరువాత గాని గర్భవతియైనచో మాట మారును. ‘విశేషము’ పోయి ‘కాలు జారుట’ వచ్చును. శరీరమొక్కటే, దానికి గలుగు అపాయమొక్కటే. పేరులు మాత్రము రెండు. మన ఆధునిక వచనసాహిత్యము ఈ రెండింటిలో రెండవదానినే కథావస్తువుగ స్వీకరించి, మొదటిదానిని శుభవార్తగ విడిచిపెట్టినదని నా అభిప్రాయము. ఇది చిన్న లోపము కాదు.

ఈ చర్చకు గోదావరీతీరము పాతది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. 1879లో రాజమహేంద్రవరమున వితంతు వివాహములను గూర్చి ఉపన్యసించిరి. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఆనాటి సంస్కర్తల వాదములో శాస్త్రప్రమాణముల వెంట నిలిచిన లౌకికహేతువు భ్రూణహత్య. బాలవితంతువునకు మరల పెండ్లి చేయనిచో రహస్యగర్భములును, శిశుహత్యలును తప్పవని వారు వాదించిరి. వాదము కరుణతో పుట్టినదే. అయినను పదమును పరిశీలింపుడు. ‘భ్రూణహత్య’ ధర్మశాస్త్రములందలి పాతకనామము. బాలికకు ఏమి జరిగినదో అది చెప్పదు. బాలిక ఏమి చేసినదో చెప్పును. ఆమె పక్షమున నిలిచి పోరాడినవారికి సైతము ఆమెను దోషిగ చూపు మాటయే దొరకినది. గర్భము రాకుండ కాపాడుకొను విషయము ఆ వాదమున ప్రస్తావనకు రాదు. వారు చూపిన నివారణ వివాహమే. పంతులుగారు అతిబాల్యవివాహములను ఖండించినవారే. కాని నా పఠనములో ఆ ఖండన వైధవ్యమును చూచినంతగ ప్రసూతిని చూచినట్లు తోపదు.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో పునారచనము పొందినది. దాని ఆంగ్లపీఠికలో ఒక లెక్క కలదు. విజయనగర మహారాజు విశాఖపట్టణ మండలమున సేకరింపించిన వివరముల ప్రకారము మూడేండ్లలో తెలియవచ్చిన శుల్కవివాహములు 1034. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు ముగ్గురు. తెలుగు నాటకమునకు ఇంతటి భయంకరమైన ప్రవేశిక వేరొకటి లేదు. అయితే నాటకములోనికి వచ్చినచో మనకు కుటుంబములలో కనబడు యువతులు బుచ్చమ్మ, మీనాక్షి. ఇద్దరును వితంతువులే. సుబ్బి పెండ్లి తప్పిపోవును. పీఠికలో లెక్కింపబడిన పసివధువులలో వైధవ్యము పొందనివారి మాటేమి? వారు రజస్వలలై, కాపురమునకు పోయి, చిన్ననాటనే కానుపుమంచ మెక్కియుందురు. వారికి ఈ నాటకమున ఒక్క రంగమును లేదు. శుల్కము మీద వ్రాసిన నాటకమును ప్రసూతిని గూర్చి నిలదీయుట న్యాయమా యని అడుగవచ్చును. న్యాయము కాకపోవచ్చును. కాని సౌజన్యారావు బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయమునకు పంపుట గమనింపదగినది. ఆ యువతిని కాపాడుట యనగా ఆమెను మరియొక ఊరికి చేర్చుటయే అయినది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అరికాళ్ళక్రింద మంటలు’ కథలోను మార్గము అదియే. పుట్టింట చాకిరితో కాలిపోవుచున్న బాలవితంతువు రాత్రివేళ జట్కాలో వీరేశలింగముగారి కడకు చేరును. పొలమూరులో పుట్టిన శాస్త్రిగారికి గోదావరి స్త్రీల పలుకుబడి కరతలామలకము. ఇంటిలో ఒకదాని మీద నొకటిగ వచ్చిపడు పిలుపులు, పురమాయింపులు, ఎత్తిపొడుపులు ఆయన విన్నట్లు విన్న కథకుడు అరుదు. ఆ బాధను ఆయన గర్భకథగ గాక శ్రమకథగ చెప్పుట నాకు మిక్కిలి గొప్పగ తోచును. అపవాదు లేకుండనే ఆడపిల్ల కష్టము కథ కాగలదని ఆయన నిరూపించెను. ఇంతటి చెవి గలవాడు ‘ఏమైన విశేషమా?’ అను ప్రశ్న వినబడిన నాడు ఆ పిల్ల మనస్సున నేమి జరిగెనో కథగ చెప్పియుండిన ఎంత బాగుండెడిది! చలముగారి మైదానము (1927) దేహమును గూర్చి జంకు విడిచి మాటలాడెను గాని, ఆ నాయిక ఇల్లు విడిచిన స్త్రీ. ఇంటిలోనే యుండిపోయిన పిల్ల అక్కడను కానరాదు.

ఆ పిల్లలు ఎందరో ఇప్పుడు లెక్కలు చెప్పుచున్నవి. 2019–21 నాటి అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15–19 ఏండ్ల స్త్రీలలో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో, గర్భిణులో అయియుండిరి. దేశమంతటికి ఆ సంఖ్య 6.8. అదే సర్వేలో రాష్ట్రమున 20–24 ఏండ్లవారిలో నూటికి 29.3 మందికి 18 నిండకమునుపే పెండ్లి అయినది. 1929 నాటి శారదా చట్టము బాలికకు 14 ఏండ్ల హద్దు పెట్టినది. 1978లో అది 18 అయినది. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, చిన్నవయసు తల్లులలో పెక్కుమంది అపవాదు పాలైనవారు కారు, ‘విశేషము’ పొందినవారే యని తోచును. పూర్తిగ ఎదుగని కటి, రక్తహీనత, గుర్రపువాతము, బరువు తక్కువ బిడ్డ: మంగళవాచకము వీనిని ఆపలేదు.

నివారణకు మనము పెట్టుకొన్న పేరు ఈ అంధత్వమునకు మరియొక సాక్ష్యము. 1952లో ప్రభుత్వము చేపట్టిన కార్యక్రమము తెలుగున ‘కుటుంబ నియంత్రణ’ అయినది. కుటుంబము లేనిదే నియంత్రణ లేదు. పెండ్లి కాని పిల్ల ఆ పదమునకు వెలుపల నుండును. పెండ్లి అయిన పిల్ల లోపల నున్నను, తొలి బిడ్డ కలిగినగాని ఆమెకు ఆ పదము వర్తింపదని ఇంటివారి భావము. ఎర్రత్రికోణము గోడల మీద నుండెను. ఆ పిల్లకు అది పై తరమువారి గుర్తు. చట్టమునకును ఇదే భాష చాలకాలము పట్టినది. 1971 నాటి చట్టమున గర్భనిరోధక సాధనము విఫలమగుట అను కారణము వివాహితకే చెందియుండెను; 2021 సవరణతో గాని ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అను మాటలు రాలేదు. 18 నిండని పిల్లకు నేటికిని సంరక్షకుని వ్రాతపూర్వక సమ్మతి కావలెను. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము వైద్యుడు సమాచారము నీయవలసియుండుట ఆమెను ఆసుపత్రి గుమ్మముననే నిలిపివేయును. బాలికయు, ఆమె సంరక్షకుడును కోరినచో ఆమె పేరు వెల్లడింప నక్కరలేదని సుప్రీము కోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పినది. ఈ మాట ఎంతమంది బాలికల చెవిని పడినది?

కథయు నవలయు చేయని పనిని విమర్శకులు లెక్కపెట్టని రచనలు చేసినవి. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలై దశాబ్దముల తరబడి సాగిన మాలతీ చందూరుగారి ‘ప్రమదావనము’, తరువాతి కాలమున వారపత్రికలలో డాక్టరు సమరముగారి జవాబులు, 1991లో స్త్రీశక్తి సంఘటనవారు వెలువరించిన ‘సవాలక్ష సందేహాలు’: ఇవియు వచనరచనలే. ప్రశ్నోత్తర ప్రక్రియకు గల గుణ మొకటి కలదు. ప్రశ్న అడిగిన పిల్ల నాయిక కానక్కరలేదు. ఊరు విడువ నక్కరలేదు. ఎవరును ఆమెను జట్కా ఎక్కింప నక్కరలేదు. ఉన్నచోటనే జవాబు అందును. లోపమును చెప్పవలెను: పత్రిక కొనువాడు గృహస్థు, ముందుగ చదువువాడును అతడే. చదువు మానిపించి పెండ్లి చేసిన పిల్లకు ఆ పుట చేరుట మరియు దుర్లభము.

మన శాఖలలో నవలలపై సిద్ధాంతగ్రంథములు విరివిగ వచ్చుచున్నవి. ఈ శీర్షికలపై పూనిక తక్కువ. పరిశోధకులు రెండు పనులు చేయవచ్చును. మొదటిది, వారపత్రికల పాత సంపుటములలో ఏ యేండ్ల ప్రశ్నలు ఏ మాటలతో అడుగబడినవో, ‘కుటుంబ నియంత్రణ’ ఎప్పుడు ‘గర్భనిరోధము’గ మారినదో గుర్తించుట. రెండవది కష్టతరము. నరసాపురము చుట్టుపట్ల లేసు అల్లు స్త్రీలను గూర్చి మారియా మీస్ 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. అది వారి శ్రమను, కూలిని పరిశీలించినది. అల్లిక సాగునప్పుడు పెద్దవారు చిన్నవారికి చెప్పు మాటలు, చెప్పక మింగు మాటలు తెలుగు చదివినవారే సేకరింపవలెను. మొగల్తూరు మొదలుకొని పేరుపాలెము సముద్రతీరము వరకు ఆ పని చేయదలచిన విద్యార్థినికి నా సూచన యొక్కటే: పేరులు వ్రాసికొనవలదు, అడిగినవారి వయస్సును, అడిగిన మాటను యథాతథముగ వ్రాసికొనవలెను.