తెలుసుకోవడానికీ మారడానికీ మధ్య

శరీర వైద్యంలో రోగకారణం వైద్యుడికి తెలిస్తే చాలు, అది రోగికి తెలియకపోయినా మందు తన పని తాను చేసుకుపోతుంది. మానసిక చికిత్సలో, అందులోనూ మనోవిశ్లేషణలో, కారణం వైద్యుడికి తెలిసినా, ఆయన దానిని విడమరిచి చెప్పినా, రోగి నిజమేనని తలూపినా, బాధ చాలాసార్లు ఉన్నచోటనే ఉండిపోతుంది. సిగ్మండ్ ఫ్రాయిడ్ వియన్నాలో ఈ చికిత్సకు రూపం ఇస్తున్న తొలి ఏళ్లలోనే ఎదురైన ఈ చిక్కు నుంచే ఆ సంప్రదాయంలోని ముఖ్యమైన పద్ధతులు పుట్టుకొచ్చాయి. మనోవిశ్లేషణ అంటే మరుగునపడిన చిన్ననాటి రహస్యాన్ని తవ్వి తీయడమేనని సినిమాలూ నవలలూ కలిగించిన అభిప్రాయం దాని చరిత్రలోని మొదటి ఘట్టానికి మాత్రమే వర్తిస్తుంది.

ఆ ఘట్టం 1880–82 మధ్య నడిచింది. ఫ్రాయిడ్ కంటే పెద్దవాడూ ఆయనకు అండగా నిలిచినవాడూ అయిన వైద్యుడు జోసెఫ్ బ్రాయర్, తర్వాత ‘అన్నా ఓ.’ అన్న మారుపేరుతో వైద్యచరిత్రకెక్కిన యువతికి చికిత్స చేస్తూ, ఒక్కొక్క లక్షణం మొదలైన సందర్భాన్ని ఆమె హిప్నాసిస్‌లో గుర్తు తెచ్చుకుని, ఆనాడు బయటపెట్టలేకపోయిన ఉద్వేగంతో సహా చెప్పగలిగితే ఆ లక్షణం తగ్గుతోందని గమనించాడు. దాహంతో అలమటిస్తూ కూడా గ్లాసును పెదవులకు తాకించలేకపోయిన ఆమె, తన దగ్గరుండే ఇంగ్లీషు సహచరి కుక్క గ్లాసులో నీళ్లు తాగడం చూసి కలిగిన అసహ్యాన్ని మర్యాద కోసం అణచుకున్న సంగతి చెప్పుకున్నాక మళ్లీ నీళ్లు తాగగలిగింది. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి ప్రచురించిన హిస్టీరియా గ్రంథంలో ఈ ఉదంతానిదే మొదటి స్థానం. అయితే ఆమె కోలుకోవడం గ్రంథం సూచించినంత సాఫీగా జరగలేదు. చికిత్స ముగిశాక కూడా శానిటోరియంలో చేరవలసి వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు ఆమె బెర్తా పాపెన్‌హైమ్ అన్న తన సొంత పేరుతో జర్మనీలో యూదు మహిళల ఉద్యమానికి నాయకురాలైంది గానీ, ఆ ఎదుగుదలలో బ్రాయర్ చికిత్స వాటా ఎంతో తేల్చడం సాధ్యం కాదు.

హిప్నాసిస్ అందరికీ పట్టదనీ, పట్టినవారిలో కూడా ఫలితం వైద్యుడితో సంబంధం బాగున్నంతకాలమే నిలుస్తుందనీ గ్రహించిన ఫ్రాయిడ్ దానిని వదిలిపెట్టాడు. రోగిని సోఫా మీద పడుకోబెట్టి, తాను కనబడకుండా తలవైపు కూర్చుని, మనసులో ఏది మెదిలితే అది, అల్పంగానో అసభ్యంగానో అసందర్భంగానో తోచినా ఏరివేయకుండా చెప్పాలన్న ఒకే ఒక నియమం పెట్టాడు. స్వేచ్ఛా సంసర్గం అని పిలిచే ఈ పద్ధతి వినడానికి తేలిక, పాటించడం దాదాపు అసాధ్యం. దాని ప్రయోజనం కూడా అక్కడే ఉంది. మాట ఎక్కడ తడబడుతుందో, విషయం ఎక్కడ హఠాత్తుగా పక్కకు మళ్లుతుందో, చెప్పడానికి ఇంకేమీ లేదని ఎక్కడ అనిపిస్తుందో, అక్కడ మనసు దేనినో కాపాడుకుంటోందని విశ్లేషకుడు గ్రహిస్తాడు. ప్రతిరోధం అనే ఈ అడ్డును తొలగించడమే పని అని మొదట్లో భావించినా, అది ఎందుకు అవసరమైందో తెలుసుకోవడం అంతకంటే ముఖ్యమని క్రమంగా తేలింది. ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్ 1936లో రక్షక తంత్రాల మీద రాసిన పుస్తకం ఈ దృష్టికి బలమిచ్చింది. భయం నుంచి తప్పించుకోవడానికి పసితనంలో నేర్చిన ఉపాయమే పెద్దయ్యాక మనిషిని కట్టిపడేస్తుంది కనుక, దానిని బలవంతంగా లాగేసే చికిత్సకుడు రోగికి ఉన్న ఒక్క ఆసరానూ తీసేసినవాడవుతాడు.

కారణం చెప్పేస్తే సరిపోతుందనుకునే తొందరను ఫ్రాయిడ్ 1910లోనే తప్పుపట్టాడు. మనసులో ఏముందో రోగికి తెలియజెప్పడం కరువు కాలంలో ఆకలిగొన్నవారికి హోటల్ మెనూ కార్డులు పంచడం లాంటిదని ఆయన వ్యంగ్యం. కానీ అంతకుముందే ఆ తొందర ఆయనకే చేదు అనుభవం మిగిల్చింది. 1900లో ‘డోరా’ అని ఆయన పేరుపెట్టిన పద్దెనిమిదేళ్ల యువతి, తండ్రి స్నేహితుడు తనతో అసభ్యంగా ప్రవర్తించాడని చెబితే ఇంట్లో ఎవరూ నమ్మని స్థితిలో చికిత్సకు వచ్చింది. ఆ స్నేహితుడి భార్యతో తండ్రికి సంబంధం ఉండటం దీనికి తోడు. ఫ్రాయిడ్ ఆమె మాటను నమ్మాడు. కానీ ఆమె కలలను అపారమైన చాతుర్యంతో విప్పి, ఆమెకే లోలోపల ఆ స్నేహితుడి మీద ప్రేమ ఉందని ఒప్పించబోయాడు. సుమారు మూడు నెలలకు, డిసెంబరు 31న, అదే చివరి రోజని చెప్పి ఆమె వెళ్లిపోయింది. తన చుట్టూ ఉన్న పెద్దవాళ్ల మీది అనుమానాన్నీ కోపాన్నీ ఆమె తన మీదికి మళ్లించిన సంగతి సకాలంలో పట్టుకోలేకపోయానని ఆయన 1905లో ప్రచురించిన వివరణలో ఒప్పుకున్నాడు. తన ధోరణి కూడా ఆ పెద్దల ధోరణికి ఎంత దగ్గరగా ఉందో మాత్రం ఆయన చూడలేదు. తర్వాతి తరాల పాఠకులు, ముఖ్యంగా స్త్రీవాదులు, ఆ లోపాన్ని ఎత్తిచూపడం న్యాయమే.

పాత సంబంధాల్లోని ఆశలూ భయాలూ ద్వేషాలూ చికిత్సకుడి మీదికి వచ్చి వాలడాన్ని బదలాయింపు అంటారు. కోపిష్టి తండ్రి చేతిలో పెరిగిన ఒక ఉద్యోగి పై అధికారి ముందు నోరు మెదపలేని బాధతో చికిత్సకు వస్తాడనుకుంటే, అతడు చికిత్సకుడి దగ్గర కూడా సమయానికి ముందే వచ్చి కూర్చుంటాడు, అవసరం లేకున్నా క్షమాపణలు చెబుతాడు, ఆయన కాసేపు మౌనంగా ఉంటే చిరాకు పడ్డాడని లెక్కవేసుకుంటాడు. తండ్రి గురించి వందసార్లు మాట్లాడినా కదలని విషయం ఇప్పుడు గదిలో, ఇద్దరి మధ్య, ఆ క్షణంలో జరుగుతోంది. లండన్ విశ్లేషకుడు, ఫ్రాయిడ్ రచనల ప్రధాన అనువాదకుడు జేమ్స్ స్ట్రాచీ 1934లో రాసిన వ్యాసంలో, రోగి చికిత్సకుడి మీద కోపమో భయమో అనుభవిస్తున్న సమయంలోనే చెప్పిన వ్యాఖ్యానానికే మార్చే శక్తి ఎక్కువ ఉంటుందని వాదించాడు. ఎదుటనున్నది తండ్రి కాదనీ, తాను ఊహించిన శిక్ష రాలేదనీ రోగి స్వయంగా చూడగలిగేది అప్పుడే. వ్యాఖ్యానం అంటే తీర్పు చెప్పడం కాదు గనుక, మంచి చికిత్సకుడు దానిని తరచూ ప్రశ్నలాగానే ముందుంచుతాడు.

ఇంత జరిగినా ఒక్కసారితో పని పూర్తికాదు. 1914లో ఫ్రాయిడ్ రాసిన ఒక చిన్న వ్యాసం ఈ సంప్రదాయానికి గుండెకాయ అనదగినది. మనిషి మరిచిపోయినదానిని గుర్తుచేసుకోవడానికి బదులు చేతల్లో తిరిగి తిరిగి చేస్తాడనీ, ఆ పునరావృత్తిని గుర్తించాక కూడా అదే ప్రతిరోధాన్ని వేర్వేరు రూపాల్లో, వేర్వేరు సందర్భాల్లో మళ్లీ మళ్లీ ఎదుర్కొంటూ సాగవలసిందేననీ, రోగికి కష్టమూ వైద్యుడి ఓర్పుకు పరీక్షా అయిన ఈ దశే అన్నింటికంటే పెద్ద మార్పు తెస్తుందనీ ఆయన అందులో చెప్పాడు. ఇందాకటి ఉద్యోగి ఒక రోజు ఆలస్యంగా వస్తాడు, ఇంకొక రోజు చికిత్సకుడితో విభేదిస్తాడు, ఆ వారమంతా భయపడతాడు, తిరిగి పాత వినయానికే జారిపోతాడు. ఆ జారుడు కూడా చర్చకు వస్తుంది. వారానికి నాలుగైదు సార్లు, గంటకు కాస్త తక్కువసేపు, ఏళ్ల తరబడి సాగే సంప్రదాయ మనోవిశ్లేషణ నిడివికి ఇదే కారణం. ఆ ఖర్చు, తీరిక కొద్దిమందికే ఉంటాయన్న విమర్శకు ఈ సంప్రదాయం సరైన జవాబు ఇవ్వలేకపోయింది.

రోగి కోపం నిజంగా తగిలినప్పుడు చికిత్సకుడు చెక్కుచెదరకుండా ఉండాలంటే తన మనసు తనకు తెలిసి ఉండాలి. అందుకే మనోవిశ్లేషకుడు కాగోరేవారు ముందు తామే విశ్లేషణకు లోనవ్వాలన్న నియమం వచ్చింది. పిల్లల వైద్యుడిగా మొదలై విశ్లేషకుడైన డొనాల్డ్ వినికాట్ 1940ల చివర్లో, కొందరు రోగుల మీద చికిత్సకుడికి ద్వేషం కలగడం సహజమనీ, దానిని దాచుకోకుండా తనలో గుర్తించి, దాని ప్రకారం ప్రవర్తించకుండా ఉండటమే నేర్పు అనీ రాశాడు. ఎన్నో వైద్యగ్రంథాల్లో కనబడని నిజాయితీ ఇది.

ఫిలడెల్ఫియాలో మనోవిశ్లేషకుడిగానే శిక్షణ పొందిన ఆరన్ బెక్, దిగులు రోగులను పరిశీలించి, 1960లలో ఈ దారి నుంచి విడిపోయి, వారి ఆలోచనల్లోని వక్రతలను నేరుగా పరీక్షించే కాగ్నిటివ్ థెరపీని రూపొందించాడు. ఇది తక్కువ వారాల్లో ముగుస్తుంది, కొలవడానికి వీలైనది. అసలు మాటల చికిత్సతో బాగుపడినవారు ఏ చికిత్సా లేకుండా కూడా బాగుపడేవారేనని 1952లో మనస్తత్వవేత్త హాన్స్ ఐసెంక్ విసిరిన సవాలుకు, 1977లో పరిశోధకులు మేరీ స్మిత్, జీన్ గ్లాస్ 375 అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, చికిత్స పొందిన సగటు రోగి పొందనివారిలో సుమారు 75 శాతం మందికంటే మెరుగ్గా ఉన్నాడని జవాబిచ్చారు. పద్ధతుల మధ్య తేడాలు మాత్రం ఊహించినంత పెద్దవిగా తేలలేదు. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో చెప్పినట్టు, లక్ష్యం మీద, చేయవలసిన పని మీద ఇద్దరికీ కుదిరే అంగీకారం, ఆ ఇద్దరి మధ్య ఏర్పడే అనుబంధం అన్ని పద్ధతుల్లోనూ పనిచేస్తాయి.

భారతదేశంలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, తన రోగుల్లో కనిపించేది యూరప్ రోగుల్లో కనిపించేదానితో అన్నివేళలా సరిపోవడం లేదని ఫ్రాయిడ్‌కే ఉత్తరాల్లో రాశాడు. తర్వాత మనోవైద్యుడు జస్వంత్ సింగ్ నేకీ 1973లో, ఇక్కడి రోగి చికిత్సకుడిలో గురువును వెతుక్కుంటాడని, ఆ అపేక్షను తోసిపుచ్చకుండా చికిత్సకు వాడుకోవచ్చని ప్రతిపాదించాడు. కుటుంబంతో కలిసి వచ్చి, డాక్టరుగారు ఏం చెబితే అది చేస్తామనే తెలుగు రోగి ముందు చికిత్సకుడి సుదీర్ఘ మౌనం నిర్లక్ష్యంగా తోస్తుందన్న ఎరుక ఇక్కడి చికిత్సకులకు తప్పనిసరి. సలహా ఇచ్చేసి పంపేస్తే మాత్రం పాత విధేయతే మరోసారి గట్టిపడుతుంది.

చికిత్స ఎప్పుడు ముగిసినట్టు అన్న ప్రశ్నకు ఫ్రాయిడ్ 1937లో, తన ఎనభై ఒకటో ఏట, నిరాశతో కూడిన వ్యాసం రాశాడు; ఏ విశ్లేషణా మనిషిని రేపటి ఆపదల నుంచి రక్షించే టీకా కాలేదని ఒప్పుకున్నాడు. చివరి తేదీ ఖాయమయ్యాక తగ్గిన లక్షణాలు కొన్నిసార్లు తిరిగి తలెత్తుతాయి. అనుభవం ఉన్న చికిత్సకులు అది చూసి తేదీని వాయిదా వేయరు. విడిపోవడంలోని దుఃఖం ఆ లక్షణాల రూపంలో వస్తోందని గ్రహించి, మిగిలిన సమావేశాలను ఆ దుఃఖానికే కేటాయిస్తారు.