జపాన్‌ను ఎవరి పక్కన పెట్టి చదవాలి?

1950లో టకేవో డోయి అనే జపాన్ మానసిక వైద్యుడు పై చదువుకు అమెరికా వెళ్లాడు. వెళ్లిన కొత్తలో, తెలిసినవాళ్లు చెప్పిన పరిచయం పట్టుకుని ఒకాయన ఇంటికి వెళ్లాడు. కబుర్ల మధ్యలో ఆ ఇంటాయన "ఆకలిగా ఉందా? ఐస్‌క్రీమ్ ఉంది, తింటారా?" అని అడిగాడు. డోయికి నిజంగానే ఆకలిగా ఉంది. కానీ మొదటిసారి అడుగుపెట్టిన ఇంట్లో మొహం మీదే అలా అడిగితే ఔనని ఎలా అంటాడు? అబ్బే, ఏం లేదన్నాడు. ఇంకొక్కసారి బలవంతపెడతారేమోనని లోపల చిన్న ఆశ. ఆ ఇంటాయన "అలాగా" అని వేరే మాటలోకి వెళ్లిపోయాడు.

డోయి పుస్తకం మొదట్లోనే వచ్చే సంగతి ఇది. జపాన్‌లో 1971లో అచ్చయిన ఆ పుస్తకం, మరో రెండేళ్లకు 'ది అనాటమీ ఆఫ్ డిపెండెన్స్' పేరుతో ఇంగ్లీషులోకి వచ్చింది. మనం నోరు తెరిచి అడక్కుండానే అవతలివాళ్లు మన అవసరం కనిపెట్టి చూసుకోవాలన్న కోరిక, పసిపిల్లవాడు తల్లి దగ్గర చూపించేలాంటి చనువు, జపానీయుల బంధాలన్నిటి అడుగునా ఉందని ఆయన వాదన. జపాన్ మనసును పట్టిచ్చే లక్షణం అదేనంటాడు.

ఇది చదివిన తెలుగువాళ్లకు నవ్వొస్తుంది. ఒకసారి వద్దంటే ఊరుకునే ఇల్లు మన వైపు ఎక్కడుంది? భీమవరమైనా నల్గొండైనా రెండుసార్లు వద్దనడం వచ్చినవాళ్ల మర్యాద, మూడోసారి అడక్కుండా వడ్డించేయడం ఇంటివాళ్ల మర్యాద. అమెరికావాడి పక్కన విడ్డూరంగా కనిపించిన జపానీయుడు మన పక్కన నిలబడితే దగ్గరి చుట్టంలాగే ఉన్నాడు.

తక్కెడలో ఒక వస్తువు తేలిందా మొగ్గిందా అన్నది అవతలి పళ్లెంలో వేసిన రాయిని బట్టి ఉంటుంది. జపాన్‌ను వివరిస్తామంటూ ఇంగ్లీషు ద్వారా మన దాకా వచ్చే పుస్తకాల్లో ఆ రాయి చాలాసార్లు అమెరికా, కాకపోతే యూరప్. ఆ సంగతి పట్టించుకోకుండా చదివితే మనది కాని ఆశ్చర్యాన్ని మనం అరువు తెచ్చుకుంటాం.

ఈమధ్య ఈ పుస్తకాల గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పిల్లలు ఉద్యోగాలకు టోక్యో వెళ్తున్నారు. ఇక్కడ శ్రీసిటీలో జపాన్ కంపెనీలు ఫ్యాక్టరీలు పెట్టాయి. "జపాన్ వాళ్లని అర్థం చేసుకోవాలంటే ఏం చదవాలి?" అంటారు. నేను పుస్తకం పేరు చెప్పే ముందు నా చదువు అలవాటు ఒకటి చెబుతాను. జపాన్ మీద పుస్తకం తెరిస్తే చేతిలో పెన్సిల్ ఉంటుంది. రచయిత "ఇది జపానీయుల ప్రత్యేకత" అన్న చోటల్లా మార్జిన్‌లో "మనదే" అనో, "మనది కాదు" అనో రాస్తాను. పుస్తకం అయ్యాక ఆ మార్జిన్లు తిరగేస్తే, జపాన్ గురించి నిజంగా తెలుసుకోవాల్సింది ఎక్కడుందో తేలుతుంది.

ఈ పరీక్షకు మొదట నిలబెట్టాల్సింది రూత్ బెనెడిక్ట్ రాసిన 'ది క్రిసాంథమమ్ అండ్ ది స్వోర్డ్'ను. 1946లో వచ్చింది. ఆమె జపాన్‌లో ఏనాడూ కాలుపెట్టలేదు. యుద్ధకాలంలో శత్రువు మనసు తెలుసుకోవాలని అమెరికా ప్రభుత్వం అప్పగించిన పనిలోంచి పుట్టిన పుస్తకం అది. అమెరికాలో ఉన్న జపాన్ సంతతి వాళ్లతో మాట్లాడి, సినిమాలు చూసి, దొరికిందల్లా చదివి రాసింది. చిత్రమేమిటంటే దాన్ని జపాన్‌లోనే లక్షల మంది కొని చదివారు. అందులో మనిషి పుట్టుకతోనే తల్లిదండ్రులకు, గురువుకు, ఏలేవాడికి బాకీపడి ఉంటాడనీ, ఆ బాకీ జన్మంతా తీర్చినా తీరదనీ అధ్యాయాల కొద్దీ వివరించింది. అమెరికా పాఠకుడికి అది వింత. పితృరుణం, ఋషిరుణం అని వింటూ పెరిగిన మనకు దానికి అన్ని పేజీలెందుకో అనిపిస్తుంది. నా మార్జిన్ నిండా "మనదే".

అదే పుస్తకంలో ఇంకో చోట, ముక్కూమొహం తెలియనివాడు చేసిన చిన్న ఉపకారం కూడా జపానీయుణ్ని ఇబ్బంది పెడుతుందనీ, బాకీ పడాల్సి వస్తుందనే వెనకాడతాడనీ, అందుకే దారిలో ఎవరికైనా ప్రమాదం జరిగితే చుట్టూ చేరినవాళ్లు కల్పించుకోవడానికి జంకుతారనీ రాసింది. మన రోడ్డు మీద బైకు జారి పడితే క్షణంలో పదిమంది చేరి, ఒకడు నీళ్లిచ్చి, ఒకడు తిట్టి, ఒకడు బండి పక్కన పెడతాడు. ఆగి చూడాల్సిన పేజీ అది. బాకీ అన్న భావన ఇద్దరికీ ఉంది, దాన్ని పరాయివాడి దాకా లాగేది వాళ్లు.

జపానీయులే రాసినా ఈ తూకం తప్పలేదు. ఇనాజో నిటోబే 'బుషిదో' 1900లో అమెరికాలో అచ్చయింది. మతబోధ లేని బడుల్లో పిల్లలకు నీతి ఎలా నేర్పుతారని ఒక బెల్జియం పండితుడు అడిగిన ప్రశ్న ఆయన్ని వెంటాడింది. దానికి జవాబుగా సమురాయ్ ధర్మాన్ని యూరప్ వీరుల పక్కన, బైబిల్ పక్కన పెట్టి ఇంగ్లీషులో రాశాడు. అప్పటికి సమురాయ్ అనే వర్గమే రద్దయిపోయింది. ఉన్న రోజుల్లోనూ జనాభాలో పదోవంతు లేదు. ఆ కొద్దిమంది ఆదర్శం జాతి మొత్తానికి గుణమైపోయింది. ఇవాళ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో వినిపించే సమురాయ్ అక్కణ్నుంచి వచ్చినవాడే.

అయితే మన తూకంలోనూ ఒక ప్రమాదం ఉంది. "మనదే, మనదే" అని రాసుకుంటూ పోతే అంతా మనలాగే కనిపించడం మొదలవుతుంది. ఆ మోజు ఇవాళ్టిది కాదు. ఒకకురా కకుజో 1902లో కలకత్తా వచ్చి ఠాగూర్ల కుటుంబంతో కలిసిమెలిసి తిరిగాడు. మరుసటి ఏడు వచ్చిన ఆయన 'ది ఐడియల్స్ ఆఫ్ ది ఈస్ట్' పుస్తకానికి ముందుమాట రాసింది సిస్టర్ నివేదిత. ఆసియా అంతా ఒకటేనన్నది ఆ పుస్తకం పల్లవి. వినడానికి బాగుంది. ఆ ఒకటే అయిన ఆసియాలో కొరియాను 1910లో జపాన్ మింగేసింది. 1916లో రవీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ వెళ్లి, ఈ జాతీయోన్మాదం మిమ్మల్ని ముంచుతుందని చెబితే, మొదట పూలమాలలతో ఎదురొచ్చినవాళ్లే తర్వాత మొహం చాటేశారు. చుట్టరికం కలుపుకోవడం తేలిక. తేడా ఎక్కడుందో చూపించేవాళ్లు కావాలి.

నాకు అలా చూపించింది చియే నకానే. టోక్యో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ. 1950ల్లో భారతదేశంలో కొన్నేళ్లుండి, గారో, ఖాసీ తెగల మధ్య పరిశోధన చేసింది. తిరిగి వెళ్లాక తన దేశం గురించి 1967లో రాసిన చిన్న పుస్తకం అక్కడ విపరీతంగా అమ్ముడుపోయింది. 1970లో 'జాపనీస్ సొసైటీ'గా ఇంగ్లీషులోకి వచ్చింది. దాని గొప్పదనం ఏమిటంటే, అందులో అవతలి పళ్లెంలో తరచుగా కూర్చునేది మనమే.

ఆమె చెప్పేది ఇది. మనుషులు రెండు రకాలుగా గుంపు కడతారు. ఒకటి, పుట్టుకతోనో వృత్తితోనో వచ్చిన గుర్తును బట్టి. రెండోది, అందరూ ఉన్న చోటును బట్టి. మొదటిదానికి ఆమె చూపించే ఉదాహరణ భారతదేశంలో కులం. రెండోదానికి జపాన్. అక్కడ మనిషిని ఎవరని అడిగితే ముందు ఫలానా కంపెనీ మనిషినంటాడు. అందులో ఇంజినీరా, గుమాస్తానా అన్నది తర్వాత. ఇల్లు కూడా అంతే. ఒక కప్పు కింద ఉన్నవాళ్లే ఇంటివాళ్లు. పెళ్లయి వెళ్లిన కూతురికన్నా బయటినుంచి వచ్చిన కోడలు ఎక్కువ. వేరుపడి ఇల్లు కట్టుకున్న అన్న పక్కింటివాడితో సమానం. భారతదేశంలో తోబుట్టువుల బంధం చచ్చేదాకా ఉంటుందని ఆమె ప్రత్యేకంగా ఎత్తి చెబుతుంది. పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చే హక్కు మేనమామదైన మన ఇళ్లలో ఇది వేరే చెప్పాలా? మార్జిన్‌లో "మనది కాదు" అని రాసి, కింద గీత కూడా గీశాను.

ఇల్లరికం సంగతి చూడండి. మన దగ్గర ఇల్లరికపు అల్లుడు మామగారి ఆస్తి చూసుకున్నా ఇంటిపేరు తనదే, గోత్రం తనదే, ఊళ్లో చులకన ఎటూ తప్పదు. జపాన్‌లో అల్లుణ్ని దత్తత తీసుకుంటారు. వాడు ఆ ఇంటిపేరు పెట్టుకుని ఆ ఇంటి వారసుడవుతాడు. కడుపున పుట్టినవాడు పనికిరాడనుకుంటే పనికొచ్చేవాణ్ని అల్లుడిగా తెచ్చుకున్న వ్యాపార కుటుంబాలు అక్కడ ఎన్నో. 1982లో మారుతితో ఒప్పందం చేసుకుని మన రోడ్ల మీదికి చిన్న కారు తెచ్చిన ఒసాము సుజుకి పుట్టింది మత్సుదా ఇంట్లో. సుజుకి కంపెనీ స్థాపకుడి మనవరాల్ని పెళ్లాడి సుజుకి అయ్యాడు, 1978లో కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. నెత్తురు కన్నా ఇల్లు నిలవడం ముఖ్యమన్న నకానే మాట ఈ ఒక్క జీవితంలో కళ్లకు కడుతుంది. ఆమె చెప్పిన "చోటు" అలా పట్టుబడితే, జపాన్ కంపెనీలో మీరు ఎంత చదివారన్నదాని కన్నా ఏ సంవత్సరంలో చేరారన్నది ఎందుకు లెక్కకొస్తుందో కూడా అర్థమవుతుంది.

నకానేను ఒంటరిగా వదిలేయకూడదు. ఆమె చూపించిన జపాన్ ఎక్కువగా పెద్ద కంపెనీల్లో స్థిరమైన ఉద్యోగం చేసే మగవాళ్ల జపాన్. యోషియో సుగిమోతో 1997లో రాసిన 'ఆన్ ఇంట్రడక్షన్ టు జాపనీస్ సొసైటీ' దీనికి విరుగుడు. ఎక్కువమంది పనిచేసేది చిన్న సంస్థల్లోననీ, ఆడవాళ్లు, ఐనూ ఆదివాసులు, ఒకినావా వాళ్లు, కొరియా సంతతి వాళ్లు, బురాకు మనుషులు లేకుండా జపాన్ లేదనీ వివరంగా చూపించాడు. జపానీయులంతా ఒకే మూస అన్న మాట ఆ పుస్తకం తర్వాత నోటికి రాదు.

బురాకు పేరు మనవాళ్లు చాలామంది విని ఉండరు. తోళ్ల పని, చచ్చిన పశువుల పని చేసేవాళ్లని తరతరాలుగా ఊరికి దూరంగా పెట్టారు. 1871లో ఆ భేదాలు రద్దు చేస్తూ ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. ఆజ్ఞ వచ్చింది గానీ చూపు మారలేదు. 1906లో ఒకకురా 'ది బుక్ ఆఫ్ టీ' అమెరికాలో ఇంగ్లీషులో వచ్చింది. అదే 1906లో టోక్యోలో షిమజాకి తోసన్ ఈ బురాకు మనుషుల గురించిన తన నవల 'హకాయ్'ని సొంతంగా అచ్చు వేసుకున్నాడు. బయటివాళ్ల కోసం రాసిన టీ పుస్తకం ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ మన పుస్తకాల షాపుల్లో దొరుకుతుంది. సొంతవాళ్ల కోసం రాసిన నవల ఇంగ్లీషులోకి రావడానికి 1974 దాకా పట్టింది.

'హకాయ్' మొదలయ్యేదే అద్దె గది గొడవతో. ఒక డబ్బున్న మనిషి బురాకు అని తెలిసి, తోటి అద్దెవాళ్లు గోల చేసి లాడ్జింగ్ నుంచి వెళ్లగొట్టిస్తారు. అదే ఇంట్లో ఉంటున్న యువ ఉపాధ్యాయుడు ఉషిమత్సు గబగబా తన మకాం ఒక గుడికి మార్చుకుంటాడు. ఎందుకంటే అతనూ బురాకే. ఎవరికీ చెప్పొద్దని తండ్రి ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేదాకా నవల నడుస్తుంది. "ఇంతకీ మీరెవరండీ?" అని అద్దె ఇంటి గుమ్మంలో అడిగించుకున్న తెలుగువాడికి మొదటి పేజీలు చదవడానికి ఫుట్‌నోట్లు అక్కర్లేదు. నకానే పుస్తకం పక్కనే దీన్ని పెట్టమంటాను. పుట్టుక గుర్తు మీద నడిచేది మనం, చోటు మీద నడిచేది వాళ్లు అన్న ఆమె లెక్కలో ఎక్కడ చిల్లు పడిందో ఈ నవల చూపిస్తుంది.

సొంతవాళ్ల కోసం రాసుకున్న పుస్తకాల్లో ఇంకోటి మియమోతో త్సునేయిచి 1960లో వెలువరించిన 'ది ఫర్‌గాటెన్ జాపనీస్'. జీవితమంతా పల్లెలు తిరిగిన మనిషి. త్సుషిమా దీవిలో ఒక ఊరివాళ్ల దగ్గర పాత దస్తావేజులున్నాయని తెలిసి, కొన్నాళ్లు ఇవ్వమని అడిగాడు. ఊరి సభలో అనుకోవాలన్నారు. వెళ్లి చూస్తే సభ అప్పటికే రోజుల తరబడి సాగుతోంది. ఇతని సంగతి కాసేపు మాట్లాడారు. వెనకటికి ఎవరో కాగితాలు తీసుకెళ్లి తిరిగివ్వని సంగతి ఎవరికో గుర్తొచ్చింది. తేల్చకుండా వేరే విషయంలోకి వెళ్లారు, మళ్లీ దీనికి వచ్చారు. భోజనాలకు వెళ్లొచ్చేవాళ్లు వెళ్లొస్తున్నారు. చివరికి ఒకాయన, మనిషిని చూస్తే చెడ్డవాడిలా లేడు అన్నాడు. సరే ఇద్దామన్నారు. ఓటింగు లేదు, తీర్పు చెప్పిన పెద్దమనిషి లేడు. మన రచ్చబండ దగ్గర చివరి మాట ఎవరిదో అందరికీ ముందే తెలుసు. జపాన్ ఆఫీసులో మీటింగు మీద మీటింగు పెట్టి ఏమీ తేల్చరని విసుక్కునే మన ఇంజినీర్లకు నేను ఈ అధ్యాయం చదివిస్తాను.

ఇంగ్లీషు వద్దనుకునేవాళ్లకు 'రైలుబడి' ఉంది. టెట్సుకో కురొయనాగి 1981లో రాసిన 'టొట్టొచాన్'కు తెలుగు అది. చదువు గురించిన పుస్తకంగానే మనం దాన్ని చూశాం. మళ్లీ తెరిచి, యుద్ధకాలపు టోక్యో కోసం చదవండి. స్టేషన్‌లో చిల్లర వేస్తే మిఠాయి ఇచ్చే యంత్రం ఖాళీ అయిపోవడం, ఫ్యాక్టరీలో సైనిక గీతాలు వాయిస్తే బియ్యం చక్కెర ఇస్తామన్నా తండ్రి వయొలిన్ తీయకపోవడం, 1945 బాంబుల్లో బడి కాలిపోవడం. మూకుమ్మడిగా ఒకే దారిన నడిచిన దేశమని మనం అనుకునే కాలంలో, ఆ దారి తొక్కనివాళ్లు ఎంత ఇరుకు చోటులో బతికారో అందులో ఉంది.

ఇన్ని చెప్పాక నా దగ్గర లేని పుస్తకం గురించి కూడా చెప్పాలి. అవతలి పళ్లెంలో తెలుగిల్లు ఉన్న జపాన్ పుస్తకం నాకు కావాలి. రాయగల తెలుగువాళ్లు టోక్యో నిషి-కసాయ్‌లో, యోకొహామాలో ఇప్పుడు ఉన్నారు. జపాన్ న్యాయశాఖ 2017లో బయటపెట్టిన సర్వేలో, అద్దె ఇల్లు వెతికిన విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది విదేశీయులన్న కారణంగా తమకు ఇల్లు ఇవ్వలేదన్నారు. సొంత ఊళ్లో కులం అడిగి ఇల్లు అద్దెకిచ్చే కుటుంబం నుంచి వెళ్లి, అక్కడ దేశం అడిగి తలుపేస్తే వీధిలో నిలబడిన తెలుగువాడికి రెండు వైపులా తెలుసు. బెనెడిక్ట్‌కు, నిటోబేకు లేని అర్హత అది. ఆ తెలుగువాళ్లు రాయాలి.