బీకరులో లాలాజలం, సీసాలో మౌత్‌వాష్

దంత వైద్య కళాశాలల్లో ఎం.డి.ఎస్. విద్యార్థుల థీసిస్‌లు తిరగేస్తే ఒకే రకం ప్రయోగం పదేపదే ఎదురవుతుంది. కాంపోజిట్‌తో, అంటే పన్ను రంగులో ఉండే సిమెంట్‌తో, చిన్న బిళ్లలు చేస్తారు. లేదంటే క్లిప్పులు వేయడానికి పీకించుకున్నవాళ్ల పళ్లు తీసుకుంటారు. కొన్నిటిని మౌత్‌వాష్‌లో, కొన్నిటిని కృత్రిమ లాలాజలంలో 37 డిగ్రీల వేడిలో 12 గంటలో 24 గంటలో నానబెడతారు. తర్వాత గట్టిదనం, గరుకుదనం, రంగు కొలుస్తారు. మౌత్‌వాష్ పాడుచేసిందని, కృత్రిమ లాలాజలంలో చెప్పుకోదగ్గ మార్పు లేదని ముగిస్తారు. చదివేవారికి రెండు ద్రవాలను సరిసమానంగా తూచినట్టే ఉంటుంది. నిజానికి తూచింది మౌత్‌వాష్‌నే. రెండోది మంచిదేనన్నది మొదటి పేజీలోనే ఒప్పుకుని మొదలుపెట్టారు. ఆ ఒప్పుకోలుతోనే నాకు పేచీ.

అసలు లాలాజలం చేసే పనేమిటో చూస్తే కృత్రిమ లాలాజలంలో ఏది లేదో అర్థమవుతుంది. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే ఈ ద్రవంలో 99 శాతం నీరే. మిగిలిన ఆ కాస్తలో కాల్షియం, ఫాస్ఫేట్, బైకార్బనేట్, జిగటగా ఉండే మ్యూసిన్, ఇంకా రకరకాల ప్రొటీన్లు ఉంటాయి. తోమిన పన్ను మీద కొద్ది నిమిషాల్లోనే ఈ ప్రొటీన్లు పలచటి పొరగా అంటుకుంటాయి. దాన్ని పెలికిల్ అంటారు. ఏ ద్రవం పుక్కిలించినా అది ముందుగా తాకేది ఎనామెల్‌నూ కాదు, సిమెంట్‌నూ కాదు, ఈ పెలికిల్‌ను. పి.హెచ్. సుమారు 5.5కు దిగువన ఎనామెల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. అప్పుడు బైకార్బనేట్ ఆమ్లాన్ని విరుస్తుంది, కాల్షియం, ఫాస్ఫేట్‌లు కరిగినదానిలో కొంత తిరిగి పూడుస్తాయి. పైగా ఇదంతా కదులుతూ, మింగుడుపడుతూ, మళ్లీ ఊరుతూ జరిగే పని. నోట్లో పళ్ల మీద లాలాజలం మిల్లీమీటరులో పదో వంతు మందాన సన్నటి పొరలాగే ఉంటుంది తప్ప మడుగు కట్టి ఉండదు.

బీకరులో ఉండేది అది కాదు. ప్రయోగశాలల్లో బాగా వాడుకలో ఉన్నది ఫుసయామా ద్రావణం. జపాన్‌కు చెందిన తకావో ఫుసయామా బృందం 1963లో ప్రచురించిన పరిశోధనతో దాని పేరు ముడిపడింది. నోట్లో బంగారమూ అమాల్గమూ ఒకదానికొకటి తగులుకుంటే తుప్పు ఎలా పడుతుందన్నది ఆ పరిశోధన విషయం. ఈ ద్రావణంలో సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్, సోడియం ఫాస్ఫేట్, యూరియా, రవ్వంత సోడియం సల్ఫైడ్ ఉంటాయి. లోహాలను నల్లబరిచే గుణం సల్ఫైడ్‌ది. ప్రొటీన్ లేదు కాబట్టి పెలికిల్ కట్టదు. బైకార్బనేట్ లేదు కాబట్టి ఆమ్లాన్ని విరిచే శక్తీ అంతంతమాత్రమే. తర్వాత వచ్చిన మరికొన్ని ద్రావణాల్లో చిక్కదనం కోసం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కలిపారు. బైకార్బనేట్ కలిపిన చోట ఇంకో తలనొప్పి మొదలైంది. మూత లేని బీకరులోంచి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పి.హెచ్. పెరుగుతుంది, కాల్షియం ఫాస్ఫేట్ అడుక్కు దిగుతుంది. లోహాల తుప్పు కోసం తయారైన ఉప్పునీటిని ప్లాస్టిక్ జాతి సిమెంట్‌కు కొలబద్దగా వాడుతున్నామన్న స్పృహ చాలా థీసిస్‌లలో కనబడదు.

ఇక నానబెట్టే లెక్క. రోజుకు రెండు నిమిషాలు పుక్కిలిస్తే ఏడాదికి 730 నిమిషాలు, అంటే 12 గంటల పైచిలుకు. అందుకని 12 గంటలు నానబెడితే ఏడాది వాడకంతో సమానమంటారు. కూడిక తప్పు కాదు. కానీ రోజూ కాసేపు తడిసి ఆరే మట్టిగోడా, అంత వాననూ ఒకే రాత్రి వరదగా భరించిన మట్టిగోడా ఒకటెలా అవుతాయి?

మౌత్‌వాష్ మీద ఎక్కువగా వినబడే ఆరోపణ ఆల్కహాల్. 1879లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జోసెఫ్ లారెన్స్ తయారుచేసిన లిస్టరిన్ అసలు రకంలో 26.9 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అటు చాలా కాంపోజిట్ సిమెంట్లకు ప్రాణం బిస్‌-జి.ఎం.ఎ. అనే రెజిన్. రాఫెల్ బోవెన్ 1962లో పేటెంట్ పొందిన ఈ పదార్థంలోకి ఆల్కహాల్ చొచ్చుకుపోయి దాన్ని మెత్తబరుస్తుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లలో కాంపోజిట్ గట్టిదనం ఏమవుతుందో పెనుగొండ బృందం 1994లోనే పరీక్షించింది. అప్పటినుంచి ‘ఆల్కహాల్ లేనిదే వాడండి’ అన్న సలహా స్థిరపడింది. అయితే 1997లో గుర్గాన్ బృందం ఆల్కహాల్ ఉన్నవాటినీ లేనివాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు రకాలూ గట్టిదనాన్ని తగ్గించాయి. నిజమైన తులనాత్మక పరిశీలనంటే నా దృష్టిలో అదీ. అనుమానం ఉన్నదాన్నీ లేనిదాన్నీ ఒకే తక్కెడలో వేయాలి. ఆల్కహాల్ తీసేసిన సీసాలోనూ ఆమ్లగుణం ఉండొచ్చు, సిమెంట్‌ను తాకే ఇతర పదార్థాలుండొచ్చు. వట్టి నీళ్లలో నానినా రెజిన్ కొంత నీరు పీల్చుకుని మెత్తబడుతుంది. కృత్రిమ లాలాజలంలోనూ అంతే. ‘మార్పు లేదు’ అనిపించుకున్న బిళ్ల కూడా ఎంతో కొంత మారినదే.

పళ్లు పూడ్చడానికే వాడే మరో రకం, గ్లాస్ అయనోమర్ సిమెంట్ సంగతి వేరు. లాలాజలంలో ఉంచితే దాని ఉపరితలం కాల్షియం, ఫాస్ఫేట్‌లను పట్టుకుని గట్టిపడుతుంది. ఫ్లోరైడ్ ఉన్న మౌత్‌వాష్ తగిలితే తాను వదిలేసిన ఫ్లోరైడ్‌ను కొంత తిరిగి నింపుకుంటుంది. కాబట్టి ‘మౌత్‌వాష్ సిమెంట్‌ను పాడుచేస్తుందా?’ అని గంపగుత్తగా అడిగితే జవాబు దొరకదు. ఏ మౌత్‌వాష్, ఏ సిమెంట్ అని అడగాలి.

బీకరు నష్టాన్ని ఎప్పుడూ పెంచే చూపిస్తుందనుకుంటే అదీ పొరపాటే. క్లోర్‌హెక్సిడిన్ దగ్గర తగ్గించి చూపిస్తుంది. 1950ల్లో బ్రిటన్‌లో ఐ.సి.ఐ. కంపెనీ తయారుచేసిన ఈ మందు దంత వైద్యంలో నిలదొక్కుకున్నది 1970లో. రోజుకు రెండుసార్లు 0.2 శాతం ద్రావణం పది మిల్లీలీటర్లు పుక్కిలిస్తే పళ్ల మీద పాచి కట్టదని హెరాల్డ్ లో, ష్యోట్ చూపించారు. ధనావేశం ఉన్న ఈ అణువు పెలికిల్‌నూ పన్నునూ పట్టుకుని గంటల తరబడి మెల్లగా పనిచేస్తుంది. దాని బలం అదే, దాని చిక్కూ అదే. అలా పట్టుకుని కూర్చున్న అణువు టీ, కాఫీల్లోని టానిన్‌ను తనకు అంటించుకుంటుంది. పూటకో ఇరానీ చాయ్ తాగే మనిషి రెండు వారాలు క్లోర్‌హెక్సిడిన్ వాడితే పళ్ల సందుల్లో, సిమెంట్ అంచుల్లో గోధుమరంగు మరక తేలడం వింత కాదు. సిమెంట్ గరుకుగా ఉంటే మరక ఇంకా ముదురుతుంది. పన్ను మీది మరకను డాక్టరు పాలిష్ చేసి తీసేస్తాడు, సిమెంట్ లోపలికి దిగినది అంత తేలిగ్గా పోదు.

ఇప్పుడు బీకరు చూడండి. అందులో పెలికిల్ లేదు, టీ లేదు. క్లోర్‌హెక్సిడిన్‌లో నానిన బిళ్ల రంగు పెద్దగా మారకపోతే ‘సురక్షితం’ అని రాసేస్తారు. ఈ మందు ఎక్కువకాలం వాడినవారిలో గార తొందరగా కట్టడమూ ఉంది. అందుకు కావలసిన కాల్షియం లాలాజలానిదే గనుక ఆ ముచ్చట కూడా ఒట్టి బీకరులో బయటపడదు. నురగ వచ్చే పేస్టులో ఉండే సోడియం లారిల్ సల్ఫేట్ క్లోర్‌హెక్సిడిన్‌ను పనిచేయనివ్వదు, అందుకే పళ్లు తోమిన కనీసం అరగంటకు గానీ దాన్ని పుక్కిలించవద్దంటారు. బ్రష్ ఊసే లేని ప్రయోగంలో ఇదీ కనబడదు.

లోహాల దగ్గర మాత్రం బీకరు మాట నమ్మొచ్చు. క్లిప్పుల్లో వాడే నికెల్-టైటానియం తీగ మీదా, ఇంప్లాంట్ మీదా టైటానియం ఆక్సైడ్ పొర కవచంలా ఉంటుంది. ఫ్లోరైడ్‌కు ఆమ్లం తోడైతే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది 30 పి.పి.ఎం. దాటితే ఆ కవచం విరుగుతుందని 1999లో జపాన్‌లో నకగావా బృందం లెక్కతేల్చింది. తటస్థంగా ఉన్న ద్రావణంలో ఫ్లోరైడ్ ఎక్కువే ఉన్నా టైటానియం తట్టుకుంటుంది. రోజూ పుక్కిలించే 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ద్రావణంలో ఫ్లోరైడ్ సుమారు 225 పి.పి.ఎం. దాన్ని మంచిదనాలా చెడ్డదనాలా అన్నది పి.హెచ్. తేలుస్తుంది. లోహాల తుప్పు చూడటానికే పుట్టిన ఫుసయామా ద్రావణం ఈ ప్రయోగాలకు అతికినట్టు సరిపోతుంది. మనకు సంబంధించి ఒక మాట కలపాలి. దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో గుర్తించింది నాటి నెల్లూరు జిల్లాలో. నల్గొండ బాధ తెలియనివారు లేరు. బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో పిల్లలకు ఫ్లోరైడ్ మౌత్‌వాష్ ఇచ్చే ముందు ఆ నీళ్లు పరీక్ష చేయించాలి.

ఇంతవరకూ ప్రయోగశాల సరుకు. మందుల షాపులోనూ కృత్రిమ లాలాజలం అమ్ముతారు. నోరు ఎండిపోయేవాళ్లకు అది అవసరం. బీపీ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్లు, లాలాజల గ్రంథులను దెబ్బతీసే షోగ్రెన్ జబ్బు ఉన్నవాళ్లు, అన్నిటికంటే ఎక్కువగా నోటి కాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లు ఈ బాధ పడతారు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని, తాగే ఆడవాళ్లలో అంగిలి కాన్సర్ మనకు కొత్త విషయం కాదు. రేడియేషన్‌తో లాలాజల గ్రంథులు ఎండాక పళ్లు మొదలు దగ్గర చుట్టూ పుచ్చిపోతాయి. ఇలాంటివాళ్లు కొనుక్కునే సీసాలు అన్నీ ఒకటి కావు. కొన్నిటిలో పంది జీర్ణాశయం నుంచి తీసిన మ్యూసిన్ ఉంటుంది, సెలైవా ఆర్థానా అలాంటిదే. పి.హెచ్. తటస్థం, పైగా ఫ్లోరైడ్ కలుపుతారు. మతం వల్లనో శాకాహారం వల్లనో దాన్ని ముట్టనివాళ్లూ ఉంటారు. కొన్నిటికి కార్బాక్సీమిథైల్ సెల్యులోజే ఆధారం. అవి నాలుకకు హాయినిస్తాయి, మాట్లాడటం, మింగడం సులువవుతుంది. పన్నుకు ఖనిజం ఇవ్వాలన్న ఉద్దేశం మాత్రం అన్నిటికీ ఉండదు. ఆమ్లగుణం ఉన్న గ్లాండోసేన్ ఎనామెల్‌లో ఖనిజాన్ని తగ్గించిందని కీల్‌బాసా బృందం 2001లో చూపించింది.

అది కూడా బీకరు ప్రయోగమే కదా, దాన్నెందుకు నమ్మాలి అని అడగవచ్చు. నమ్మడానికి కారణం ఉంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో పుక్కిలించిన ద్రవాన్ని లాలాజలం నిమిషాల్లో కడిగేస్తుంది, పలచబరుస్తుంది, ఆమ్లాన్ని విరుస్తుంది. అందుకే బీకరు ఫలితం ఆ నోటికి పొసగదు. ఎండిపోయిన నోట్లో కడిగేదీ విరిచేదీ ఎవరు? అక్కడ పోసింది అక్కడే ఉంటుంది, రోజుకు ఎన్నోసార్లు పోసుకుంటారు కూడా. ఆ నోరే బీకరుకు దగ్గరి చుట్టం. అంటే మన థీసిస్‌లు మామూలు మనిషిని మౌత్‌వాష్ గురించి అవసరానికి మించి భయపెడుతున్నాయి. అవే ఫలితాలను ఎండు నోటి రోగికి ముడిపెడితే పనికొచ్చేవి. అలా ముడిపెట్టినది అరుదు. పైగా ఆ రోగి చేతిలోని సీసానే పరీక్షించాల్సిన చోట ‘కృత్రిమ లాలాజలం’ అన్న పేరు చూసి, పోలిక కోసం పెట్టే కంట్రోల్ గ్రూపులో కూర్చోబెడుతున్నారు.

థీసిస్ గైడ్లు ఇకనైనా బీకరులో ఉన్నది ఏ ద్రావణమో, దాని పి.హెచ్. ఎంతో, ప్రొటీన్ ఉందో లేదో రాయించాలి. కుదిరితే బిళ్లలను ముందు మనిషి లాలాజలంలో కాసేపు ఉంచి పెలికిల్ కట్టించాలి. నానబెట్టడం మాని, రెండు నిమిషాలు ముంచి లాలాజలంలోకి మార్చే పద్ధతి పెట్టాలి. ఇక రేడియేషన్ తర్వాత నోరు ఎండిపోయినవాళ్లకు, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లకు ఒక మనవి. మన షాపుల్లో చాలా సీసాల మీద పి.హెచ్. అచ్చువేయరు. కట్టుడు పళ్లున్నవాళ్లకు ఆమ్లగుణం ఉన్నదైనా ఫర్వాలేదు. సొంత పళ్లు మిగిలి ఉంటే మాత్రం తటస్థంగా ఉండి ఫ్లోరైడ్ ఉన్నది రాసివ్వమని మీ డాక్టరును అడగండి, సీసా కొనేముందే అడగండి.