వడ్రంగి బేరం

కొద్దిపాటి డబ్బుతో కరెంటు పనిముట్లు ఎంచుకునే వడ్రంగి తెలివి అంటే నాకెంతో గౌరవం. సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో అనుభవమున్న మేస్త్రి ధర ఒక్కటే అడగడు. కార్బన్ బ్రష్‌లు ఎక్కడైనా దొరుకుతాయా, ఆర్మేచర్ కాలిపోతే మళ్లీ చుట్టించుకోవచ్చా అని ఆరా తీస్తాడు. మిషను మూలపడితే ఆ రోజు కూలి పోయినట్టే మరి.

ముందుగా డ్రిల్లు. వేగం తగ్గించే ట్రిగ్గరు, వెనక్కి తిరిగే ఏర్పాటు ఉంటే ఒక్కదానితోనే బెజ్జాలు వేయొచ్చు, స్క్రూలు బిగించొచ్చు, విప్పొచ్చు.

ఇక కోత. చాలామంది రాళ్లు కోసే 4 అంగుళాల మార్బుల్ కట్టరుకే చెక్క బ్లేడు తగిలించి పని నడుపుతారు. 18 మి.మీ. ప్లైవుడ్‌ను అది తేలిగ్గానే కోస్తుంది. అయితే నిమిషానికి 12,000 చుట్లు తిరిగే మిషను అది. బ్లేడు చెక్కలో బిగుసుకుంటే మనిషి మీదికే తన్నుకొస్తుంది. గార్డు ఊడదీసి వాడటాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. బ్లేడు మీద రాసిన వేగం మిషను వేగం కంటే తక్కువ ఉండకూడదు. నాలుగు డబ్బులు కూడగానే 7 అంగుళాల సర్క్యులర్ సా కొనుక్కోవడం మేలు. రెండంగుళాల చెక్కనైనా ఒక్క కోతలో తెంపుతుంది.

చిత్రిక మిషను ఆగొచ్చు, చేతి చిత్రిక ఉంది కదా! ఆ మిగిలిన సొమ్ము ఎక్కువ పళ్లున్న మంచి బ్లేడుకు పెట్టేవాడి చేతిలో లామినేట్ అంచు ఎక్కడా చిట్లదు.