గిన్నె తీసే చెయ్యి

కుక్క ముందు బువ్వ గిన్నె పెట్టడం ఎవరికైనా వచ్చు. తినకుండా వదిలేసిన గిన్నెను వేళకు తీసేయడం మాత్రం చాలామందికి చేతకాదు. చేతనైన ఒకామెను నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరులో చూశాను. అరవై దాటిన మనిషి. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ గొర్రెల మందలే, మంద కుక్కలకు జొన్న గటక పోసి పెంచిన చెయ్యి ఆమెది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు ఎండాకాలం సెలవులకు వస్తూ పిల్లలతోపాటు ఒక తెల్ల బొచ్చుకుక్కను కూడా వెంట తెచ్చింది. మన పట్నాల్లో అందరూ పొమేరియన్ అని పిలిచే రకం, అసలు వీటిలో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్‌లే. ఎనిమిది కిలోలుంటుంది. అన్నం పెడితే మూతి తిప్పుకుంటుంది, కోడికూర కలిపితే ముక్కలు ఏరుకుని మెతుకులు వదిలేస్తుంది, ప్యాకెట్ మేతను వాసన చూసి పక్కకు పోతుంది. కూతురు గిన్నె పట్టుకుని ఇల్లంతా దాని వెనకే తిరిగేది. ఆ కుక్కకు వేళకు తినడం అలవాటు చేసిన పనితనం గురించే నేను రాస్తున్నది.

ఆమె మొదట వెళ్లింది పొయ్యి దగ్గరికి కాదు. అరుగు మీద కూర్చుని కుక్కను ఒళ్లోకి తీసుకుంది. పెదవి పైకెత్తి చిగురును వేలితో నొక్కి వదిలింది. నొక్కినచోట తెల్లబడి, వెంటనే మళ్లీ ఎర్రబడింది. పళ్లు చూసింది, చెవులు మడిచి లోపల చూసింది, కాలివేళ్ల సందుల్లో వెతికి రెండు గోమార్లు పీకేసింది. నీళ్లు తాగుతోందా, విరేచనం గట్టిగా ఉందా, కక్కిందా అని అడిగింది. టీకాలన్నీ వేయించామని, ఊరు బయల్దేరేముందే పట్నంలో డాక్టరుకు చూపించామని, ఏ జబ్బూ లేదన్నాడని కూతురు చెప్పాకే ఆమె లేచింది. పశువైద్యులు పాటించే వరుస కూడా ఇదే. గోమార్ల నుంచి సోకే ఎర్లీకియా జ్వరంలో కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి. పంటి నొప్పి ఉన్నా గిన్నె దాకా వచ్చి వెనక్కి పోతుంది. జబ్బుతో ఉన్న కుక్కను మొండిదనుకుని ఆకలితో లొంగదీయాలని చూడటం పాపం.

తర్వాత పంచాయితీ పెట్టినట్టు అందరినీ కూర్చోబెట్టింది. "నిన్న పొద్దుగాల్నుంచి రాత్రిదాంక దీని నోట్లకు ఏమేం పోయింది, చెప్పుండ్రి" అన్నది. పిల్లలు ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. పొద్దున తాత చాయలో ముంచి ఇచ్చిన బిస్కెట్లు, దోసె అంచులు, మధ్యాహ్నం మళ్లీ బిస్కెట్లు, సాయంత్రం ఎవరో తినిపించిన కారప్పూస. బిస్కెట్లే పది దాటాయి. లెక్క వేసి చూడండి. ఎనిమిది కిలోల కుక్క ఇంటిపట్టున ఉండేదైతే రోజుకు 500 క్యాలరీలు, కాస్త అటూ ఇటూగా, సరిపోతాయి. చిన్న గ్లూకోజ్ బిస్కెట్టు ఒక్కటి దాదాపు 25 క్యాలరీలు. పది బిస్కెట్లంటే సగం పూట కాదు, సగం రోజు తిండి. ఆ కుక్క తినకపోవడం ఏమీ లేదు. గిన్నెలో తప్ప అంతటా తింటోంది. చిరుతిండి మొత్తం కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదని వైద్యులు చెబుతారు. ఆమె లెక్కలేమీ వేయలేదు. బిస్కెట్ల డబ్బా తీసుకుపోయి అటక మీద పెట్టింది, అంతే.

వంట సంగతి కాస్త వివరంగా చెప్పాలి. జొన్న రవ్వను మరిగే నీళ్లలో పోసి, ఉండలు కట్టకుండా తెడ్డుతో కలుపుతూ, పలుకు చేతికి మెత్తగా తగిలేదాకా ఉడికించింది. పక్క పొయ్యి మీద ఇంటివాళ్లకు పప్పు. అది ఉడికి, ఇంకా ఉల్లిగడ్డ గానీ ఎల్లిపాయ గానీ ఉప్పుకారం గానీ పడకముందే రెండు గరిటెలు కుక్క కోసం పక్కకు తీసింది. తాళింపు చప్పుడు వినిపించేసరికి కుక్క వాటా వేరే గిన్నెలో చల్లారుతోంది. కారం పడదని పెద్దలు నేర్పిన పద్ధతి అది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయని, పాండురోగం తెస్తాయని తెలిసినవాళ్లకు ఆ రెండు గరిటెల విలువ తెలుస్తుంది. గటకలో ఆ పప్పు, ఒక ఉడికిన గుడ్డు చిదిమి, కాసింత మజ్జిగ పోసింది. పాలు పోయలేదు. పెద్ద కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు. పట్నం నుంచి తెచ్చిన ప్యాకెట్ మేతను కూడా పారేయలేదు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి అందులోనే కలిపింది. కాల్షియం, జింక్ వంటివి ఇంటి వంటలో తక్కువ పడతాయి కాబట్టి ఆ కలపడం నాకు ఎంతో నచ్చింది. పూటపూటకూ గటక కొంచెం పెంచుతూ వారం దాకా తీసుకొచ్చింది. తిండిని ఒక్కసారిగా మారిస్తే కడుపు పాడవుతుంది.

మాంసం తినే జంతువుకు జొన్నలేమిటని అడిగేవాళ్లున్నారు. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పిండి పదార్థాలను అరిగించే జన్యువుకు తోడేళ్లలో రెండు ప్రతులే ఉంటే కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉంటాయి. మనిషి పక్కన, మనిషి పొలం పక్కన బతికిన వేల ఏళ్లు కుక్క పేగుల్లో నమోదయ్యాయి. పాలమూరు మెట్ట నేలల్లో జొన్న తిన్న ఇళ్లు జొన్నే పెట్టాయి. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చి వరి పెరిగిన ఊళ్లలో ఇప్పుడు కుక్కలకూ అన్నమే. ఈమె మాత్రం ఇంకా రవ్వ మరపట్టిస్తుంది.

ఇక పెట్టడం. ఎండ ముదరకముందే ఒక పూట, పొద్దు గూకి నేల చల్లబడ్డాక ఒక పూట. పాలమూరు ఎండల్లో మిట్టమధ్యాహ్నం ఏ కుక్కకూ అంతగా ఆకలి ఉండదు, పెట్టినా దండగే. గటకను ముంజేతికి తాకించి చూస్తుంది, గోరువెచ్చగా ఉండాలి. మనిషి నాలుక మీద తొమ్మిది వేల దాకా రుచి మొగ్గలుంటే కుక్కకు పదిహేడు వందలే. దాని భోజనమంతా ముక్కుతోనే మొదలవుతుంది, వెచ్చటి తిండికే వాసన పైకి లేస్తుంది. తెడ్డుతో సత్తు గిన్నె అంచు మీద రెండుసార్లు తడుతుంది. గిన్నెను ఎప్పుడూ ఒకే చోట, వసారా చివరి స్తంభం పక్కన పెడుతుంది. పెట్టి, వీపు తిప్పి, తన పనికి పోతుంది. పిలవదు, బుజ్జగించదు, చేత్తో ముద్ద అందించదు, ఓరకంట కూడా చూడదు. పావుగంట తర్వాత వచ్చి, తిన్నా తినకున్నా గిన్నె తీసేస్తుంది. నీళ్ల తొట్టి మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంటుంది.

మొదటి మాపు కుక్క వాసన చూసి పోయింది. ఆమె గిన్నె తీసి, ఆ గటక కోళ్లకు వేసింది. కూతురి ప్రాణం ఆగలేదు. "అమ్మా, రాత్రంతా ఆకలితో ఉంటదే!" అన్నది. "నీళ్లున్నయి గద. ఆకలి దాని పని అది చేస్తది బిడ్డా, నువ్వు అడ్డం పోకు" అన్నది తల్లి. తెల్లారి కుక్క నాలుగు బుక్కలు తిన్నది. పిల్లలు చప్పట్లు కొట్టబోతే ఆమె కళ్లతోనే వద్దన్నది. మిగిలింది తీసేసింది. రెండో రోజు మాపు సగం గిన్నె. ఆ తర్వాత కుక్క తెడ్డు చప్పుడుకే వచ్చి స్తంభం దగ్గర నిలబడటం మొదలుపెట్టింది.

గిన్నె తీసేటప్పుడు ఆమె ముఖం చూడాలి. కోపం లేదు, జాలి లేదు, నేర్పిస్తున్నానన్న పంతమూ లేదు. ఎంగిలి కంచం ఎత్తే తీరులోనే ఎత్తుతుంది. ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది అదేనని నా నమ్మకం. ఎందుకంటే కుక్క చూసేది గిన్నెను కాదు, మనల్ని. మూతి తిప్పగానే ఇంటివాళ్లంతా చుట్టూ చేరి బతిమాలితే, కాసేపాగితే కోడి ముక్క వస్తే, తినకపోవడానికే బహుమతి దొరికినట్టు. పట్నం ఇంట్లో దానికి అలవాటైన పాఠం అదే. ఆమె అందులోని బహుమతిని తీసేసింది.

తెడ్డు చప్పుడుకు దేహంలో జరిగే పని కూడా చిన్నది కాదు. జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన పావ్‌లోవ్ తన కుక్కల్లో గమనించింది దీన్నే. తిండి నోటికి అందకముందే, తెచ్చేవాడి అడుగుల చప్పుడుకే లాలాజలం ఊరేది, కడుపులో రసాలు సిద్ధమయ్యేవి. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోను జీర్ణాశయంలో తయారవుతుంది. వేళకు మేత పెట్టే గొర్రెల్లో, మేత వేళకు ముందే రక్తంలో అది పెరగడాన్ని పరిశోధకులు చూశారు. జీవితమంతా గొర్రెల మధ్య గడిపిన మనిషికి ఆ సంగతి మంద అరుపుల్లోనే తెలిసి ఉంటుంది. వేళ తప్పకపోతే ఆకలి కూడా వేళకు వస్తుంది. ఆమె మంద కుక్క దొడ్డి గడప దాటేముందు ఒకసారి, మంద తిరిగొచ్చాక ఒకసారి తింటుంది. గిన్నె పెట్టిన క్షణం నుంచి ఖాళీ అయ్యేదాకా తల ఎత్తదు. పట్నం కుక్కకు కనిపించే దూరంలోనే దానికీ గిన్నె పెట్టేది. రెండింటికీ మధ్య స్తంభం అడ్డం, పోట్లాట లేకుండా.

ఈ పద్ధతి అన్ని కుక్కలకూ కాదని ఆమెకు తెలుసు. దొడ్లో ఈనిన కుక్క పిల్లలకు గిన్నె తీసేదే లేదు. పాలు మరిచిన పిల్లలకు రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. చిన్న పిల్ల ఒక్క పూట మాడినా రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతుంది. ముసలి కుక్కకు, చూడి కుక్కకు, మందులు వాడుతున్న కుక్కకు కూడా ఈ పంతం పనికిరాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క అయినా ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే, లేదా తినకపోవడంతోపాటు వాంతులు, నీరసం ఉంటే, ఇంకో పూట చూద్దామనుకోకుండా పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ మొదటి రాత్రి ఆమె రెండుసార్లు లేచి కుక్కను తట్టి చూసిందని కూతురు తర్వాత చెప్పింది.

సెలవులు అయిపోయాక రెండు కిలోల జొన్న రవ్వ మూట, వంకర పోయిన ఆ పాత తెడ్డు, సత్తు గిన్నె కుక్కతోపాటే హైదరాబాదు వెళ్లాయి. అక్కడ కూతురి డ్యూటీని బట్టి పొద్దున ఏడింటికి, రాత్రి ఎనిమిదింటికి వేళలు కుదుర్చుకున్నారు. గిన్నె తీసే పని పెద్ద మనవడికి అప్పజెప్పారు. వాడు మొన్న ఫోన్లో, "అవ్వా, బుద్ధిగా తింటోంది కదా, బిస్కెట్టు ఇయ్యొచ్చా?" అని అడిగాడు. "గిన్నె ఖాళీ చేసినంక ఇయ్యి. ఒకటే, అది గూడ సగం ఇరిసి" అన్నది.