కొరికిన ఆకుల తోట

సీతాకోకచిలుకల కోసం తోట పెంచదలచినవారు సాధారణంగా నర్సరీ నుంచి బంతి, నూరువరహాల వంటి పూలమొక్కలు తెచ్చి నాటుతారు గానీ, ఆ పూలు దారిన పోయే సీతాకోకచిలుకకు తేనె తాగించి పంపగలవే తప్ప దానిని ఆ పెరట్లో నిలపలేవు. అది ఎక్కడ సంతతిని పెంచుతుందో నిర్ణయించేది పువ్వు కాదు, ఆకు. గొంగళిపురుగు దశలో ఒక్కొక్క జాతి కొద్ది రకాల ఆకులనే తినగలదు. ఆ ఆకులనిచ్చే మొక్కను ఆతిథేయ మొక్క అంటారు. ఆడ సీతాకోకచిలుక ముంగాళ్లతో ఆకును తట్టి, కాళ్లమీద రుచిని పసిగట్టే సన్నని రోమాలతో పరీక్షించి, అది తగినదేనని తేలిన తరువాతే గుడ్డు పెడుతుంది.

తెలుగువారి పెరట్లో ఈ సంగతి తేటగా కనిపించేది నిమ్మ, కరివేపాకు చెట్ల మీద. శాస్త్రజ్ఞులు పాపిలియో డెమోలియస్ అని పిలిచే నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగు తొలిదశల్లో నలుపు, తెలుపు మచ్చలతో పిట్టరెట్టలా ఉండి పక్షుల కన్నుగప్పుతుంది, చివరి దశలో ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది, అప్పటికీ ఎవరైనా కదిలిస్తే తల వెనుక దాచుకున్న రెండు కొమ్ముల వంటి అవయవాన్ని బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. లేత చిగుళ్లన్నీ అది కొరికివేస్తుంటే ఇంటివారికి కోపం రావడం సహజమే, అయితే కూరలోంచి ఏరి కంచం పక్కన పెట్టే ఆకు కోసం పురుగుతో వైరం పెట్టుకోవడం కొంత విచిత్రమే.

రథసప్తమి స్నానానికి వెతికి తెచ్చుకొని, తక్కిన ఏడాదంతా కలుపుగా పీకివేసే జిల్లేడు మరొక నారింజరంగు సీతాకోకచిలుకకు ఆధారం. ప్లెయిన్ టైగర్ అనే ఈ జాతి పురుగు జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో నిలవ చేసుకోవడం వల్ల రెక్కలు వచ్చాక కూడా పక్షులు దాని జోలికి పోవు. ఈ రక్షణలో వాటా కోసం వేరొక జాతి ఆడ సీతాకోకచిలుక అచ్చం దాని వేషమే వేస్తుంది, ఆ వేషధారి పిల్లలు తినేవాటిలో మన గంగవాయిలి కూర ఒకటి. తంగేడు నాటితే లేతపసుపు రెక్కలవీ వస్తాయి. ఒక మూల తడిమట్టి ఉంటే మగవి వాలి లవణాలు పీల్చుకుంటాయి.

పురుగుమందు చల్లే తోటలో ఇవేవీ సాగవు, వేపనూనెకూ మినహాయింపు లేదు. స్థలం లేనివారు ఎండ తగిలే చోట కుండీలో ఒక్క కరివేపాకు మొక్క పెట్టి చూడవచ్చు. గుడ్డు రెక్కలు విప్పడానికి సుమారు నెల రోజులు పడుతుంది.