టీవీ వెనక ఇంకో గది

ఇంట్లో వీఆర్ అనగానే అందరూ తలకు తగిలించుకునే హెడ్‌సెట్ గురించే మాట్లాడతారు. నాకు దానితో పేచీ లేదు. కాకపోతే అది పెట్టుకున్న మనిషి ఇంట్లో ఉండీ లేనట్టే. పిలిస్తే పలకడు, టీపాయ్ మోకాలికి తగిలితే గానీ ఈ లోకంలోకి రాడు. అందుకే నా మనసు 2007లో జానీ చంగ్ లీ చూపించిన కిటుకు దగ్గరే ఆగిపోయింది.

అప్పుడాయన కార్నెగీ మెలన్‌లో పరిశోధక విద్యార్థి. నింటెండో వారి ‘వీ’ గేమ్ కన్సోల్‌లో టీవీ దగ్గర పెట్టే పట్టీని సెన్సర్ బార్ అంటారు గానీ, అందులో ఉండేవి ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలే. చూసే కెమెరా రిమోట్ కొసన ఉంటుంది. (పట్టీ పాడైతే రెండు కొవ్వొత్తులు వెలిగించి ఆడుకున్నవాళ్ళున్నారు.) లీ దీన్ని తిరగేశాడు. రిమోట్‌ను టీవీ దగ్గర కదలకుండా పెట్టి, ఎల్ఈడీలను కళ్ళజోడుకు చెరోవైపు బిగించాడు. కెమెరాకు రెండు చుక్కల మధ్య ఎడం పెరిగితే మనిషి దగ్గరికొచ్చినట్టు, తగ్గితే వెనక్కి జరిగినట్టు. దాన్నిబట్టి కంప్యూటర్ బొమ్మను ఎప్పటికప్పుడు మార్చి గీస్తుంది. తల పక్కకు వంచితే, కిటికీలోంచి తొంగిచూసినట్టు, అంచు వెనక దాగినది బయటపడుతుంది.

కోఠిలో ఎల్ఈడీలు కొని, పాత కళ్ళజోడుకు అతికించి నేనూ చేశాను. వెలిగాయో లేదో కంటికి తెలీదు. ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెడితే ఊదారంగు చుక్కలు కనిపిస్తాయి. చిత్రమేమిటంటే, ఈ తమాషా ఎదురుగా చూసినప్పటికన్నా వీడియోలోనే బాగుంటుంది. కెమెరాది ఒంటి కన్ను. మన రెండు కళ్ళూ కలిసి తెర చదునుగానే ఉందని చాడీ చెబుతాయి. ఒక కన్ను మూసి చూడండి, లోతు వచ్చేస్తుంది.

అసలు చిక్కు ఇంకోటి. పక్కన కూర్చున్నవాళ్ళకు అదే బొమ్మ వంకరగా కనిపిస్తుంది. 1992లో ఇల్లినాయ్ యూనివర్సిటీ, షికాగోలో గోడలే తెరలుగా కట్టిన ‘కేవ్’ గదిలోనూ ఇంతే: నిలబడేది నలుగురైనా, బొమ్మ కుదిరేది ఒకరి చూపుకే.

2013లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చూపిన ‘ఇల్యూమిరూమ్’ మాత్రం ఎవరి తలనూ వెంటాడలేదు. టీవీ బొమ్మను ప్రొజెక్టర్‌తో చుట్టూ గోడ మీదికి పారించారు. గదిలో అలమరా ఎక్కడుందో, గోడ ఏ రంగో కినెక్ట్ కెమెరా ముందే చూసి సర్దుకునేది. సరుకుగా దుకాణాలకు రాలేదు, అదే నా బాధ. క్యాలెండర్లూ పెళ్ళి ఫొటోలూ నిండిన మా హాలు గోడకు సరిపడేది అదే. ప్రొజెక్టర్ ఎలాగోలా దొరుకుతుంది. పట్టపగలు కర్టెన్లు మూస్తానంటే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలిగా!